బీసీడీని ఇంట్లోనే బాగుచేసుకోవడం, మార్చుకోవడం: హైదరాబాద్ డైవర్లకు సమగ్ర మార్గదర్శి

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్లో డైవింగ్ సామాను నీళ్లలో కన్నా సజ్జ మీదే ఎక్కువ పాడవుతుంది. రుషికొండకో, పుదుచ్చేరికో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికో, అండమాన్‌కో వెళ్లొస్తాం. బీసీడీని (నీళ్లలో తేలడాన్ని, మునగడాన్ని అదుపు చేసే గాలి జాకెట్) హోటల్ షవర్ కింద ఓసారి తడిపి, సంచిలో కుక్కి, ఇంటికి రాగానే పైన పడేస్తాం. లోపల మిగిలిన ఉప్పునీరు ఎండి పలుకులు కడుతుంది. మే నెల వేడికి గాలితిత్తి లోపలి పూత మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది. మళ్లీ దించేసరికి బటన్ బిగుసుకుపోయి ఉంటుంది, లేదా గాలి నింపిన పది నిమిషాల్లో తిత్తి వాడిపోతుంది.

ఇందులో చాలావరకు ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. పరికరంలో మర్మం పెద్దగా లేదు. గాలి పట్టే తిత్తి, దాన్ని నింపి ఖాళీ చేసే ఇన్‌ఫ్లేటర్, ముడతల గొట్టం, గాలిని బయటికి వదిలేసే రెండు మూడు డంప్ వాల్వులు, వీటన్నిటినీ ఒంటికీ సిలిండర్‌కీ కట్టిపెట్టే పట్టీలు. అంతే. కానీ ఏది ముట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.

చెయ్యి పెట్టే ముందు

ప్రతి భాగాన్నీ పట్టుకుని ఒకటే అడగండి: ఇది నీళ్లలో చెడిపోతే నన్ను పైకి తీసుకుపోతుందా, కిందికి దించుతుందా, ఉత్త చిరాకు పెడుతుందా?

పైకి తీసుకుపోయేదే అన్నిటికన్నా ప్రమాదం. నీటి పైన ఉండే ఒత్తిడి ఒక బార్, నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఇంకో బార్ పెరుగుతుంది. 20 మీటర్ల లోతులో తిత్తిలో ఉన్న 4 లీటర్ల గాలి, పైకి వచ్చేసరికి 12 లీటర్లవుతుంది. ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుపోయి గాలి ఆగకుండా నిండితే మనిషి పైకి లేస్తాడు, లేచేకొద్దీ ఆ గాలి ఇంకా ఉబ్బి ఇంకా వేగంగా లాక్కుపోతుంది. ఊపిరితిత్తులు దెబ్బతినడం, డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో కరిగిన వాయువు బుడగలు కట్టడం) వచ్చేది ఇలాంటి చోటే. కాబట్టి ఇన్‌ఫ్లేటర్, సిలిండర్ నుంచి దానికి గాలి తెచ్చే లో ప్రెజర్ గొట్టం మొదటి వర్గం. సీసం బరువుల జేబులు కూడా ఇందులోకే వస్తాయి. ఈ మాట చాలామందికి తట్టదు. వెల్క్రో అరిగిన జేబు అంటే చూడటానికి కుట్టుపని లాగే ఉంటుంది, కానీ 15 మీటర్ల దగ్గర 4 కిలోల సీసం జారిపోతే ఫలితం ఇరుక్కున్న బటన్ లాంటిదే.

కిందికి దించేవి రెండో వర్గం: తిత్తికి చిల్లు, గొట్టానికి పగులు, మూసుకోని డంప్ వాల్వు. ఇవి బాగుచేసుకోవచ్చు, పరీక్ష మాత్రం గట్టిగా చేయాలి. డీ రింగులు, నడుము పట్టీ, జేబుల జిప్పులు మూడో వర్గం. అక్కడ మీ ఇష్టం.

ఇక అసలు ముట్టుకోకూడనివి: రెగ్యులేటర్ (సిలిండర్ గాలి ఒత్తిడిని తగ్గించి ఊపిరికి అందించేది), సిలిండర్, దాని వాల్వు. స్కూబాప్రో ఎయిర్ 2 లాగా ఇన్‌ఫ్లేటర్‌లోనే ఊపిరి పీల్చే రెగ్యులేటర్ కలిసి ఉంటే, అది కూడా శిక్షణ ఉన్న టెక్నీషియన్ చేతికే వెళ్లాలి. అద్దెకు తెచ్చినదాన్నీ, వారంటీ నడుస్తున్నదాన్నీ విప్పొద్దు.

సామాను

మెత్తటి టూత్‌బ్రష్, సిలికాన్ గ్రీజు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తెల్ల వెనిగర్, వెర్నియర్ కాలిపర్, ఎండకు పెళుసెక్కని నల్ల జిప్ టైలు, గిన్నెల సబ్బు, పెద్ద టబ్బు. ఓ రింగుల (గాలి కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగులు) కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్లండి. అక్కడి రబ్బరు, సీళ్ల దుకాణాల్లో పాత రింగు చేతిలో పెడితే కొలిచి జత ఇస్తారు. నైట్రైల్ రబ్బరు కావాలని చెప్పండి. ఇన్‌ఫ్లేటర్ లోపలివి మాత్రం ఆ కంపెనీ సర్వీస్ కిట్‌లోవే వాడాలి, తెప్పించుకోవడానికి వారం పట్టినా సరే.

గ్రీజు అంటే సిలికాన్ గ్రీజే. వాజెలిన్, కొబ్బరినూనె, డబ్ల్యూడీ 40 వంటివి కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తాయి, పైగా ఇసుకను పట్టి ఉంచుతాయి. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) వాడేవాళ్లు మిశ్రమంలో ఆక్సిజన్ 40 శాతం దాటితే ఆక్సిజన్‌కు సరిపడే గ్రీజు వాడాలి. ఆ స్థాయి డైవర్లకు ఇది విడిగా చెప్పనక్కర్లేదు.

కడగడం

సగం జబ్బులు ఇక్కడే నయమవుతాయి. ఇన్‌ఫ్లేటర్ మౌత్‌పీస్‌లో పైపు పెట్టి, గాలి వదిలే డిఫ్లేట్ బటన్ నొక్కి పట్టుకుని, తిత్తిలో మూడో వంతు గోరువెచ్చని నీళ్లు పోయండి. మిగతాది గాలితో నింపి అటూ ఇటూ తిప్పి ఊపండి. తలకిందులు చేసి కొంత ఇన్‌ఫ్లేటర్ గుండా, కొంత ఒక్కో డంప్ వాల్వు గుండా పోనివ్వండి. బయటికొచ్చే నీళ్లు నాలుక మీద ఉప్పగా తగలకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ.

మన ఊళ్లో నీళ్ల సంగతి ఒకటుంది. చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీరు. బకెట్ల అంచున తెల్లగా పేరుకునే సున్నమే వాల్వు మూసుకునే చోటు, అంటే సీటు మీద కూడా పేరుకుంటుంది. ఉప్పు కడగబోయి సున్నం పట్టించినట్టవుతుంది. మొదటి కడుగుళ్లకు ఏ నీళ్లైనా ఫరవాలేదు, ఆఖరిది మాత్రం మంజీరా నీళ్లతోనో, ఆర్వో నీళ్లతోనో చేయండి. రెండు మూడు లీటర్లు చాలు.

నీళ్లతో వచ్చే నల్లటి తుంపులు ఫంగస్. బీసీడీకి పనికొచ్చే డిస్‌ఇన్‌ఫెక్టెంట్ పోసి, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, బాగా కడగండి. బ్లీచింగ్ వద్దు. తిత్తిలోని గాలిని ఎప్పుడూ నోటితో లోపలికి పీల్చొద్దు. తెల్లటి పొరలు, రేకుల్లాంటివి వస్తే మాత్రం అది లోపలి పాలీయురెథేన్ పూత ఊడిపోతున్నట్టు. దానికి మందు లేదు, తిత్తి మార్చాల్సిందే.

సగం గాలి నింపి నీడలో ఆరబెట్టండి. మిద్దె మీద ఎండలో తాడుకు వేలాడదీయడం మన అలవాటే కానీ, ఆ ఎండ నైలాన్‌కు శత్రువు.

గాలి ఎక్కడ పోతోంది?

తిత్తిని నోటితో బిగువుగా, గాలి ఎక్కువైతే తనంతట తానే తెరుచుకునే ఓవర్ ప్రెజర్ వాల్వు ‘బుస్’మని వదిలేదాకా నింపి ఒక రాత్రి వదిలేయండి. వేళ కూడా చూసుకోండి. మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో నింపి, తెల్లవారి 27 డిగ్రీలకు చూస్తే, చిల్లు లేకపోయినా గాలి 4 శాతం కుంచించుకుపోయి ఉంటుంది. అందుకే రాత్రి గది చల్లబడ్డాక నింపి పొద్దున్నే చూడటం మేలు. అప్పటికీ గట్టిగా ఉంటే ఈ భాగం దాటేయొచ్చు.

వాడిపోయి ఉంటే మళ్లీ నింపి, సబ్బు నురుగు బ్రష్‌తో రాస్తూ ఈ వరుసలో చూడండి: డంప్ వాల్వుల అంచులు, గొట్టం రెండు చివర్లు, భుజం దగ్గరి మోచేయి జాయింటు, ఇన్‌ఫ్లేటర్ మౌత్‌పీస్, ఆఖర్న అతుకులు, బట్ట. ఎక్కువసార్లు దొంగ మొదటి మూడింట్లోనే దొరుకుతాడు. దొరక్కపోతే టబ్బులో ఒక్కో మూలా ముంచండి. బుడగ వచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తడి బట్ట మీద పెన్ను పట్టదు.

డంప్ వాల్వు

చేత్తో తిప్పితే మూత ఊడుతుంది. పట్టకారు పెడితే ప్లాస్టిక్ మరలు పోతాయి. లోపల స్ప్రింగు, పల్చటి సిలికాన్ బిళ్ల, దాన్ని లాగే తాడు ఉంటాయి. విప్పుతూ ఉన్నప్పుడే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, స్ప్రింగు ఏ వైపు కూర్చుందో తర్వాత గుర్తుండదు.

సీటు మీద ఇసుక రేణువో, వెంట్రుకో ఉండటమే మామూలు కారణం. సున్నం పట్టి ఉంటే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి 15 నిమిషాలు నానబెట్టి బ్రష్‌తో తోమండి. ఇత్తడి చెంబుల అలవాటు కొద్దీ చింతపండు తీయొద్దు, దాని పీచు సీటు మీదే కూర్చుంటుంది. సిలికాన్ బిళ్ల అంచు వంకర పోయినా, స్ప్రింగు తుప్పు పట్టినా మార్చండి. ఎక్కువ మంది చూడనిది తాడు. ఎవరో ముడి వేసి పొట్టి చేసి ఉంటే, తిత్తి ఉబ్బినప్పుడు తాడు బిగిసి వాల్వు తనంతట తానే కాస్త తెరుచుకుంటుంది. తిత్తి నిండా ఉబ్బినప్పుడు కూడా తాడు కొంచెం వదులుగా ఉండాలి.

ముడతల గొట్టం

ఒక్కో ముడతనూ వెలుతురుకు పెట్టి సాగదీసి చూడండి. పగులు ఉండేది ముడత లోయలోనే. పగిలిన గొట్టానికి అతుకు లేదు, కొత్తదే. జిప్ టై కోసి పాత గొట్టం లాగేసి, కొత్తదాన్ని వేడినీళ్లలో నిమిషం ఉంచితే మెత్తబడి ఎక్కుతుంది. కొత్త టైను గాడిలో కూర్చోబెట్టి, తోకను తలకు సమానంగా కోయండి, లేకపోతే చెయ్యి చీరుకుంటుంది. ఆ తర్వాత గొట్టాన్ని పట్టుకుని గట్టిగా గుంజండి. నీళ్లలో ఊడిపోయే ప్రమాదముంటే ఇంట్లోనే ఊడాలి.

ఇన్‌ఫ్లేటర్: నిదానంగా చేయాల్సిన పని

పరీక్షకు నిండు సిలిండర్, రెగ్యులేటర్ కావాలి. నగరంలో డైవింగ్ నేర్పేవాళ్లు కొలనులో తరగతులు పెడుతుంటారు. వాళ్లనడిగితే ఓ అరగంట పని. టైర్ల దుకాణం కంప్రెసర్ గాలి ఎందుకు పనికిరాదని కొందరు అడుగుతారు. దాని గాలిలో నూనె ఆవిరి, తేమ ఉంటాయి. మీరు నోరు పెట్టే తిత్తిలోకి అది వెళ్లకూడదు.

తిత్తి పూర్తిగా ఖాళీ చేసి, లో ప్రెజర్ గొట్టం తగిలించి, సిలిండర్ తెరిచి, పావుగంట ఏ బటనూ నొక్కకుండా వదిలేయండి. తిత్తి దానంతట అదే ఉబ్బితే లోపల గాలిని ఆపి ఉంచే ష్రేడర్ వాల్వు కారుతోంది. ఇన్‌ఫ్లేటర్ తలను బకెట్‌లో ముంచితే గొట్టం తగిలించిన చోట బుడగలు వస్తే అక్కడి ఓ రింగు పోయింది. తర్వాత తిత్తి నింపి మళ్లీ ముంచండి. మౌత్‌పీస్‌లోంచి బుడగలు వస్తే డిఫ్లేట్ వాల్వు మూసుకోవడం లేదు.

వీటిలో ఏ లోపం కనిపించినా, మొదట ఆ గొట్టం తీసేసి, గోరువెచ్చని మంచినీళ్లలో ఇన్‌ఫ్లేటర్‌ను గంటసేపు నానబెట్టి, మధ్యమధ్యలో రెండు బటన్లూ నొక్కుతూ ఉండండి. ఉప్పుతో బిగుసుకున్నవి ఎక్కువశాతం దీనికే వదులుతాయి. వదిలినా తృప్తిపడొద్దు, ఒకసారి బిగుసుకున్నది మళ్లీ బిగుసుకుంటుంది. కంపెనీ సర్వీస్ కిట్, ఆ మోడల్ పటం రెండూ చేతిలో ఉంటేనే విప్పండి. పాత ఓ రింగుల్ని పిన్నీసుతో గీకి తీయొద్దు. గాడి మీద గీత పడితే కొత్త రింగు కూడా కారుతుంది. పదును లేని ప్లాస్టిక్ పుల్ల వాడండి. ష్రేడర్ వాల్వు చూడటానికి స్కూటర్ ట్యూబు వాల్వు పిన్ను లాగే ఉంటుంది, మరలు కూడా పట్టవచ్చు. అది వేయొద్దు. ఉప్పునీళ్లకూ, ఈ ఒత్తిడికీ తగిన స్ప్రింగు అందులో ఉంటుందన్న నమ్మకం లేదు. రెగ్యులేటర్ నుంచి ఇక్కడికి వచ్చే గాలి సుమారు 9, 10 బార్ల ఒత్తిడితో ఉంటుంది.

బిగించాక పావుగంట పరీక్ష మళ్లీ. ఆపైన బటన్‌ను మెల్లగా, గట్టిగా, ఓ పక్కగా, అరకొరగా నొక్కి చూడండి. ఏ ఒక్కసారైనా వేలు వదిలిన తక్షణం గాలి ఆగకపోతే ఆ ఇన్‌ఫ్లేటర్‌ను చెత్తబుట్టలో వేసి కొత్తది కొనండి. మొత్తం బీసీడీ ధరలో ఇది చిన్న భాగం, ఇక్కడ పొదుపు చేయడంలో అర్థం లేదు. చివరగా తడిచేత్తో, చూడకుండా, గొట్టాన్ని ఊడదీయడం సాధన చేయండి. నీళ్లలో బటన్ ఇరుక్కుంటే చేయాల్సింది అదే: గొట్టం ఊడదీయడం, గాలి వదలడం. కప్లింగు బిర్రుగా ఉంటే ఆ ఘడియలో అది రాదు.

తిత్తికి మాట్లు

మీది వింగ్ రకం (తిత్తి వీపు వెనక మాత్రమే ఉండేది) అయితే అదృష్టం. పైతొడుగు జిప్ తెరిచి తిత్తిని విడిగా బయటికి తీయొచ్చు. చాలా జాకెట్ రకాల్లో బట్టే తిత్తి, పూత లోపలివైపు ఉంటుంది. బయటినుంచి వేసిన మాటు బట్ట పోగులకు పట్టుకుంటుంది తప్ప పూతకు కాదు, గాలి పక్కదారి వెతుక్కుంటుంది. సూదిమొన చిల్లులకు మించి జాకెట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

యురెథేన్ జిగురే వాడాలి, ఆక్వాసీల్ వంటిది. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రబ్బరు కోసం చేసింది, ఈ పూతకు అతుక్కున్నట్టే కనిపించి ఊడిపోతుంది. ఫెవిక్విక్ గట్టిపడి వంగిన చోట పగులుతుంది. ఎం సీల్ సంగతి సరేసరి.

చిల్లు చుట్టూ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి. తిత్తిలో గాలి ఏమీ లేకుండా బల్లపరుపుగా పరచండి. జిగురును చిల్లు దాటి చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా పల్చగా పూయండి. పెద్ద చిల్లయితే అదే రకం పూత ఉన్న బట్ట ముక్కను గుండ్రంగా కోసి మధ్యలో పెట్టండి, మూలలుంటే అక్కడే లేస్తుంది. ఒక పూర్తి రోజు కదపొద్దు. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి మన మే నెల పొడిగాలిలో ఆలస్యమవుతుంది, వానాకాలంలో త్వరగా పడుతుంది. వేసవిలో రెండు రోజులివ్వండి. మిగిలిన ట్యూబును మూత బిగించి డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఇంకోసారి పనికొస్తుంది, బయట ఉంచితే మరుసటి నెలకు రాయి.

వేడితో అతికించిన అతుకు విడిపోతే మాటు వేయొద్దు. ఒత్తిడంతా పడేది అక్కడే, ఈసారి పక్కన విడుతుంది.

పట్టీలు, కుట్లు, ప్లేటు

ఇక్కడ హైదరాబాద్‌లో ఉండటం వరం. సోఫాలు, స్కూల్ బ్యాగులు, టార్పాలిన్లు కుట్టే దుకాణాల్లో మందపు బట్టకు తగిన మెషీన్లుంటాయి. దారం మాత్రం మీరే ఇవ్వండి: బాండెడ్ పాలిస్టర్. నూలు దారం తడికి కుళ్లుతుంది. చతురస్రం, దాని మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు, బరువు మోసే చోట్ల ఆ కుట్టే. కుట్టేటప్పుడు పక్కనే నిలబడండి. సూది గాలితిత్తి పొర మీదుగా పోతే అప్పటిదాకా చేసినదంతా వృథా.

పట్టీ అయితే రెండంగుళాల నైలాన్, బిరుసుగా ఉండేది. కారు సీటుబెల్టు పట్టీ చవకగా దొరుకుతుందని ఇస్తారు. అది మెత్తన, బకిళ్లలో జారుతుంది. డీ రింగులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే ఉండాలి. బేగంబజార్‌లో బ్యాగుల కోసం అమ్మే మెరిసే రింగుల్లో చాలావరకు పూత వేసినవి, ఉప్పునీళ్లకు ఆ పూత ఎక్కువ కాలం నిలవదు.

జాకెట్ విసిగిస్తోంది, ప్లేటు (వీపుకు ఆనే లోహపు పలక), వింగ్‌కు మారాలనుకుంటే ప్లేటును బాలానగర్‌లో లేజర్‌తో కోయించుకోవచ్చు. 3 మిల్లీమీటర్ల రేకు చాలు. “అన్నా, 304 వద్దు, 316 కావాలె” అని ముందే చెప్పండి, 304 ఉప్పునీళ్లలో గుంటలు పడుతుంది. అయస్కాంతం అంటకపోతే 316 అని దుకాణాల్లో చెప్పేది నమ్మొద్దు, 304 కూడా పెద్దగా అంటదు. మెటీరియల్ సర్టిఫికెట్ అడగండి. వింగ్ బిగించే రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు, అంటే 279 మిల్లీమీటర్లు. ఎక్కువ కంపెనీలకు ఇదే కొలత, అయినా మీ వింగ్‌ను కొలిచాకే డ్రాయింగ్ ఇవ్వండి. పట్టీ దూరే గాళ్ల అంచుల్ని వేలు పెట్టి తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. గరుకు అంచు కొన్ని డైవుల్లోనే పట్టీని కోసేస్తుంది. ఇలాంటి ప్లేటు రెండున్నర కిలోల దాకా తూగుతుంది, ఆ మేరకు నడుము సీసం తగ్గించుకోవచ్చు.

సీసం మాట వచ్చింది కనుక: పాత బ్యాటరీల సీసం కరిగించి బిళ్లలు పోసుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ పొగ విషం, అపార్ట్‌మెంట్ బాల్కనీలో అసలే కాదు.

డబ్బు తక్కువ, లాభం ఎక్కువ ఉన్న మార్పు వేరే ఉంది. కాళ్లు కిందికి వాలుతున్నాయా? నడుము దగ్గరి సీసంలో ఒక కిలోను సిలిండర్ పైపట్టీకి తగిలించిన చిన్న జేబులోకి మార్చి చూడండి. మిగిలిన సీసం మాత్రం చేత్తో లాగి వదిలేసే జేబుల్లోనే ఉండాలి, వదిలితే మీరు తేలగలిగేంత. ఆ జేబుల వెల్క్రో అరిగితే మొత్తం ముక్క మార్చండి, దాని మీదే ఇంకో పొర కుట్టొద్దు. సిలిండర్ పట్టీని తడిపాకే బిగించండి, నైలాన్ తడిస్తే సాగుతుంది.

కొలనులో, తర్వాత సముద్రంలో

అపార్ట్‌మెంట్ కొలను మీటరున్నర లోతున్నా సరిపోతుంది. కమిటీ అనుమతి తీసుకోండి, సిలిండర్ కింద దుప్పటి వేయండి, పలక పగిలితే ఆ గొడవ వేరు. మొదట మీరు తొడుక్కోకుండా, నిండు సిలిండర్, మొత్తం సీసంతో బీసీడీని ఒంటరిగా నీళ్లలో వేసి నింపండి. అది తేలాలి. తర్వాత తొడుక్కుని దిగి, ఎవరినైనా మీ వీపు వెనక, భుజం మీద బుడగలు చూడమనండి. ప్రతి డంపునూ ఒక్కోసారి లాగి, వదలగానే మూసుకుంటోందో లేదో గమనించండి. కొలను నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఇంటికి రాగానే మళ్లీ కడగాలి.

కొలనులో సరిపోయిన సీసం సముద్రంలో చాలదు. ఉప్పునీళ్లు దాదాపు రెండున్నర శాతం బరువెక్కువ. మీరు 80 కిలోలు, సామాను 25 కిలోలనుకుంటే మొత్తం 105 కిలోలు, దానికి రెండు కిలోల ఆరు వందల గ్రాములు కలపాలి. మనకు అద్దెకిచ్చేవి ఎక్కువగా అల్యూమినియం సిలిండర్లు. గాలి అయిపోయేకొద్దీ అవి తేలికై పైకి లాగుతాయి, కాబట్టి బరువు లెక్క డైవు చివర్న, 50 బార్ మిగిలినప్పుడు సరిచూసుకోండి.

బాగుచేసిన బీసీడీతో మొదటి సముద్రపు డైవు 10 మీటర్లు దాటనివ్వొద్దు. ఏమేం విప్పారో, ఏం మార్చారో మీతో జతగా దిగే బడ్డీకీ, పడవలోని గైడుకూ నీళ్లలో దిగకముందే చెప్పండి. సంచిలో నాలుగు జిప్ టైలు, ఓ రింగుల పొట్లం, ఒక డంప్ వాల్వు స్ప్రింగు, విడి లో ప్రెజర్ గొట్టం వేసుకోండి. పడవలో ఇన్‌ఫ్లేటర్ పావుగంట పరీక్షలో తప్పితే ఆ రోజుకు అద్దె బీసీడీ తీసుకోండి.